హ్యాంగయిన టెస్టు దగ్గర కాపలా

గచ్చిబౌలిలో మా ఆఫీసు ఆరో అంతస్తులో, కిటికీ పక్కన ఒక కుర్చీ ఉండేది. దాన్ని అందరూ కాపలా కుర్చీ అనేవాళ్ళు. సాయంత్రం నాలుగు దాటాక ఎవరో ఒకరు అందులో కూర్చుని, ఎదురుగా తెరమీద మెల్లగా ముందుకు జరిగే ఆకుపచ్చ గీతను చూస్తూ ఉండాలి. గీత జరుగుతున్నంతసేపూ చేయడానికి పనేమీ లేదు. గీత ఆగిపోయినా పనేమీ లేదు, మళ్ళీ కదులుతుందేమోనని చూడటం తప్ప. ఉద్యోగంలో నా చివరి సంవత్సరంలో కొన్ని నెలలు ఆ కుర్చీని ఖాళీ చేయించే పనిమీదే గడిచాయి. రిటైరయ్యాక పాత డైరీలు సర్దుతుంటే ఆ నెలల పేజీలు కనిపించాయి. అందులో రోజుకు రెండు మూడు వాక్యాలే ఉన్నాయి. మిగతాది నాకు గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

మేం తయారు చేసేది ఆస్పత్రులు వాడుకునే సాఫ్ట్‌వేర్. రోగి పేరు నమోదు చేసుకోవడం, రక్తపరీక్ష ఫలితం ఎక్కించడం, బిల్లు వేయడం, రిపోర్టు అచ్చు తీయడం, ఇలాంటి పనులు దానితో చేస్తారు. మా క్లయింట్ విదేశంలో ఉన్న ఒక ఆస్పత్రుల సంస్థ. పగలంతా డెవలపర్లు రాసిన కొత్త కోడు సాయంత్రానికి ఒకచోట చేరేది. దానివల్ల పాత పనులేవీ చెడిపోలేదని చూసుకోవడానికి మా టెస్టింగ్ టీం వందలకొద్దీ చిన్న చిన్న ప్రోగ్రాములు రాసిపెట్టుకుంది. ఒక్కో ప్రోగ్రామూ ఒక్కో టెస్టు. అది రిసెప్షన్‌లో కూర్చున్న మనిషిలా, ల్యాబ్‌లో పనిచేసే మనిషిలా నటిస్తుంది. లేని రోగిని పుట్టిస్తుంది, లేని రక్తాన్ని పరీక్షిస్తుంది. వచ్చిన రిపోర్టు సరిగ్గా ఉంటే పాస్ అంటుంది, లేకపోతే ఫెయిల్ అంటుంది.

చిక్కంతా ఆ రెండూ అనని టెస్టులతోనే. ఒక్కోసారి ఒక టెస్టు బటన్ నొక్కి, తెర మారుతుందని ఎదురుచూస్తూ అలాగే నిలబడిపోయేది. ఆఫీసులో అందరూ హ్యాంగయింది అంటారు. దాని వెనక వరుసలో ఉన్నవన్నీ దానికోసం ఆగేవి. మనిషయితే కాసేపు చూసి, విసుక్కుని లేచిపోతాడు. ప్రోగ్రాముకు విసుగు ఉండదు. ఎంతసేపు చూడాలో మనం చెప్పకపోతే అది చూస్తూనే ఉంటుంది.

మరి దాన్ని ఆపేసి మిగిలినవి నడుపుకోవచ్చు కదా అని టీముకు లీడ్‌గా వచ్చిన కొత్తలో నేనూ అడిగాను. ఆపచ్చు. కానీ మా దగ్గర ఒక నియమం ఉండేది. టెస్టును చేత్తో ఆపినవాళ్ళు ఎందుకు ఆపారో కారణం రాసి మేనేజరుకు మెయిల్ పెట్టాలి. ఎప్పుడో ఎవరో ఇంటికి వెళ్ళే తొందరలో, బాగానే నడుస్తున్న టెస్టును ఆపేశారట. అప్పటినుంచి ఈ నియమం. ఆపకుండా చూస్తూ కూర్చున్నవాళ్ళు మాత్రం ఎవరికీ ఏమీ రాయనక్కర్లేదు. దాంతో అందరూ కూర్చునేవాళ్ళు. మరీ ఆలస్యమైతే వరుస మొత్తాన్ని మొదటినుంచి మళ్ళీ నడిపేవాళ్ళు. అది ఆపినట్టు లెక్క కాదు, కాబట్టి మెయిల్ అక్కర్లేదు. రెండోసారి చాలావరకు నడిచిపోయేది. "ఎన్విరాన్‌మెంట్ ప్రాబ్లం" అని ఒక మాట అనుకుని, అంతా ఆకుపచ్చగా ఉన్న రిపోర్టును క్లయింట్‌కు పంపి ఇళ్ళకు వెళ్ళేవాళ్ళు. మెషీన్ బిజీగా ఉందనో, నెట్‌వర్క్ బాగాలేదనో ఆ మాటకు అర్థం. ఎందుకు ఆగిందో మాకు తెలియదన్నది అసలు అర్థం.

కాపలా మొదట్లో వంతులవారీగా ఉండేదట. నేను వచ్చేనాటికి ఒక్క మనిషిమీద పడిపోయింది. ఆ అమ్మాయిది శేరిలింగంపల్లి వైపు, అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కుపోయిన ఒక పాత ఊరు. కాన్పు కోసం ఉద్యోగం మానేసి, మళ్ళీ ఎన్నో ఇంటర్వ్యూలు తిరిగి మా దగ్గర చేరింది. టీంలో అందరికన్నా కొత్త. ఎవరికి పనిపడినా ఈ ఒక్కరోజు నా వంతు చూడమని ఆమెనే అడిగేవాళ్ళు. ఆమె కాదనలేకపోయేది. కొన్నాళ్ళకు అడగడం కూడా మానేశారు.

మేమిద్దరం చందానగర్ వెళ్ళే ఒకే ఆఫీసు బస్సు ఎక్కాలి. కానీ బస్సులో ఆమె నాకు ఎప్పుడూ కనిపించేది కాదు. ఎందుకో ఒక సాయంత్రం తెలిసింది. బస్సుకు టైమైందని లేచి చూస్తే ఆమె ఇంకా ఆ కుర్చీలోనే ఉంది. గీత మధ్యలో ఆగి ఉంది. ఎంతసేపయిందని అడిగాను.

"బిల్లు టెస్టు మేడమ్. చాయ్ తాగినకాడినుంచి గిట్లనే ఉంది."

"మరి ఆపెయ్యకూడదా అమ్మా?"

"ఆపితే సార్‌కు మెయిల్ రాయాలె. ఎందుకు నిలవడ్డదో నాకే తెల్వదు, ఏమని రాయాలె? ఇంతసేపు చూసి ఇప్పుడు ఆపిన్ననుకోండి, ఇంకో నిమిషం ఆగితే నడుస్తుండె గద అంటరు."

ఆమె చెప్పింది నాకు బాగా అర్థమైంది. లింగంపల్లి స్టాపులో బస్సు కోసం నిలబడ్డ ప్రతివాళ్ళకూ అర్థమవుతుంది. కొద్దిసేపు నిలబడ్డాక ఆటో ఎక్కేయచ్చు. చాలాసేపు నిలబడ్డాక ఎక్కలేం. నిలబడ్డదంతా వృథా అయిపోతుందని ఇంకాస్త నిలబడతాం.

అంతలో ఆమె ఫోన్ మోగింది. తెర చూసుకుని ఎత్తలేదు. మళ్ళీ మోగింది. అప్పుడు చెప్పింది, బిడ్డను ఉంచే క్రెష్ నుంచి అని. ఆమెను లేపి బస్సుకు పంపి, ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. నా పేరుమీద టెస్టును ఆపేశాను. మేనేజరుకు మెయిల్ రాశాను. కారణం దగ్గర ఇలా రాశాను: ఎంతసేపు చూడాలో దీనికి ఎవరూ చెప్పలేదు కనక నేను చెప్పాను.

మర్నాడు మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆమె మిగతా సంగతి చెప్పింది. భర్త పనిమీద ఊళ్ళు తిరిగే మనిషి. బిడ్డకు రెండేళ్ళు దాటాయి. చందానగర్ మార్కెట్ వెనక సందులో ఒక పెద్దావిడ తన ఇంట్లోనే క్రెష్ నడుపుతుంది. ఏడింటికి మూసేస్తుంది. ఆవిడ మంచి మనిషే, కానీ ఆవిడకూ ఇల్లూ వంటా ఉన్నాయి. రోజూ తల్లి ఆలస్యంగా వస్తుంటే ఎన్నాళ్ళని ఊరుకుంటుంది?

"ఆరున్నరకే బిడ్డకు చెప్పులు తొడిగి, సంచి భుజానికేసి మెట్టుమీద కూసవెడ్తది మేడమ్. నేను పోయేసరికి బిడ్డ అట్లనే కూసుండి నిద్రపోతది. ఈ నెల దాటితే వేరే జాగ చూసుకోమన్నది. దగ్గరల ఇంకోటి లేదు. రాజీనామా రాసి పెట్టుకున్న."

ఈ ఉద్యోగం కోసం ఆమె ఎంత తిరిగిందో నాకు తెలుసు. పనిలో ఆమెకు వంక పెట్టడానికేమీ లేదు. ఒక ప్రోగ్రాముకు విసుగు రాదన్న కారణంతో ఒక మనిషి ఉద్యోగం వదులుకోవడం నాకు ఎంతమాత్రం మింగుడు పడలేదు.

డైరీలో నాకు చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు. అనంతపురంలో హైస్కూల్లో ఉండగా మా నాన్న నేర్పించారు. చేయాల్సిన పని ఎడమవైపు రాసి, కుడివైపు ఎప్పటిలోగా అన్నది రాయాలి. కుడివైపు ఖాళీగా ఉంటే అది పని కాదు, కోరిక అనేవారు. ఆ రోజు ఎడమవైపు, టెస్టులకు గడువులు పెట్టడం అని రాశాను. కుడివైపు, ఈ నెలాఖరులోగా అని రాసి కింద గీత గీశాను.

మా మేనేజరుది కాకినాడ వైపు. నాకన్నా చాలా చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. గడువు దాటిన టెస్టును మెషీనే ఆపేసి, దాన్ని ఎర్రగా చూపించి, తరవాతిదానికి వెళ్ళేలా పెడదామన్నాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, తన భయం దాచకుండా చెప్పాడు.

"మీరు చెప్పేది కరెక్టేనండి. కానీ రిపోర్టులో ఎరుపు కనబడితే క్లయింట్ ముందు నిలబడాల్సింది నేను కదండీ."

ఆ తరవాత ఆయనే ఒక దారి చెప్పాడు. ఒక్కో టెస్టుకు రెండు గంటలు గడువు ఇద్దామన్నాడు. రెండు గంటల్లో అవనిది ఇక అవదు కాబట్టి, దాన్ని ఆపితే ఎవరూ తప్పు పట్టరన్నాడు. ఏ గడువూ లేకపోవడం కన్నా నయం కదా అని నేను ఒప్పుకున్నాను. పక్క వరుసలో కూర్చునే డెవలపర్ కుర్రాడు అది విని ఊరుకోలేదు. పాతబస్తీలో పుట్టి పెరిగినవాడు, ప్రతిదానికీ ఒక మాట విసిరేవాడు.

"ఇది గడువు కాదు మేడమ్, లీవు. రెండు గంటలిస్తే టెస్టు పోయి బిర్యానీ తిని, పాన్ వేసుకొని వస్తది."

అతను అన్నట్టే అయింది. టెస్టులన్నీ కలిసి బాగా నడిచిన రోజున రెండు గంటల్లో అయిపోతాయి. అలాంటిచోట ఒక్కదానికే రెండు గంటలిస్తే, ఒక్కటి హ్యాంగయినా సాయంత్రమంతా దానికే పోయింది. కాపలా కాపలాగానే ఉంది. కాకపోతే ఎప్పటివరకు కూర్చోవాలో ఇప్పుడు తెలుసు. ఆ వారంలో వాన కురిసి లింగంపల్లి రైల్వే బ్రిడ్జి కింద నీళ్ళు నిలిచాయి. ఆమె ఇంకా ఆలస్యంగా వెళ్ళింది. క్రెష్ పెద్దావిడ ఏమీ అనలేదట, బిడ్డ బట్టలూ పాలసీసా అన్నీ సర్ది ఒక కవర్లో పెట్టి, నెలాఖరు దగ్గరపడిందన్నట్టు చేతికిచ్చిందట. తిట్టి ఉంటే బాగుండేదని ఆమె నాతో అంది.

ఇక నేను ఆ పని సగంలో వదలదలచుకోలేదు. ఏ టెస్టు ఎంతసేపు నడిచిందో మెషీన్ రోజూ రాసి ఉంచుతుంది. దాన్ని ఎవరూ చూసేవాళ్ళు కాదు, అంతే. ఉదయం పూట కాఫీ తాగి కూర్చుని, బాగా నడిచిన రోజుల లెక్కలు ఒక్కో టెస్టుకూ తీశాను. చాలావరకు నిమిషంలోపే అయిపోతున్నాయి. నెలవారీ లెక్కలు తీసే పెద్ద టెస్టులు కొన్ని అయిదారు నిమిషాలు తీసుకుంటున్నాయి. ఒక్కోదానికి ఎక్కువలో ఎక్కువ ఎంత పట్టిందో చూసి, దానికి మూడింతలు గడువు వేశాను. మెషీన్ ఒక్కోరోజు నిజంగానే నెమ్మదిగా ఉంటుంది, దానికి కాస్త చోటివ్వాలి. ఆ చోటులో పడుకోనివ్వకూడదు. వరుస మొత్తానికి కూడా ఒక గడువు పెట్టాను. ఆరున్నరకు ఏదెలా ఉంటే అలా రిపోర్టు వెళ్ళిపోవాలి. పాసయినవి, ఫెయిలయినవి, గడువు దాటి ఆపేసినవి, అసలు వంతు రానివి, దేనికదే అందులో కనబడాలి.

గడువులన్నీ రాసిన కాగితం చూసి మేనేజరు మళ్ళీ ఎరుపు మాటే ఎత్తాడు. ఈసారి నేను ఒప్పుకుని లేచిపోలేదు.

"ఎరుపు వస్తే మీరు నిలబడతారు సార్, ఒప్పుకుంటాను. ఏ రంగూ రాకపోతే ఎవరు నిలబడుతున్నారో మీకు తెలుసా? ఆ అమ్మాయి బిడ్డ, చెప్పులేసుకుని."

ఆయనకు ఆ సంగతి తెలియదు. అడిగి మొత్తం తెలుసుకున్నాడు. కాసేపు పెన్ను మూత పెట్టి తీసి, పెట్టి తీసి, ఒక్క వారం చూద్దామండీ అన్నాడు. రిపోర్టు పంపే బాధ్యత మాత్రం ఆ అమ్మాయికే ఉంచమన్నాడు, చేసి అలవాటుంది కనక.

మొదటిరోజే మాకు తలవంపులయింది. బిల్లు టెస్టు ఎప్పటిలాగే ఆగింది. గడువు రాగానే మెషీన్ దాన్ని ఆపేసింది. మేం సంతోషించేలోపే దాని తరవాతది ఆగింది. దాని తరవాతదీ ఆగింది. ఒకదాని వెనక ఒకటి, చూస్తుండగానే తెరంతా ఎర్రబడింది. ఆ రిపోర్టు క్లయింట్‌కు వెళ్ళకుండా ఆపమని మేనేజరు చెబితే నేనూ కాదనలేదు. అందులో నిజం ఏదో మాకే తెలియదు. "చూశారా మేడమ్" అన్నాడాయన. టీంలో ఇద్దరు ముగ్గురు పాత పద్ధతే నయమని నాకు వినబడేలా అనుకున్నారు. ఆ అమ్మాయి సంచి సర్దుకుని ఏడు దాటాక వెళ్ళింది.

మర్నాడు ఉదయం నేను, ఆమె, డెవలపర్ కుర్రాడు ముగ్గురం కూర్చున్నాం. ఎర్రబడిన టెస్టులన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అన్నీ ఒకే రోగిని వాడుతున్నాయి. పని సులువని ఎవరో మొదట్లో ఒక్క ఉత్తుత్తి రోగిని తయారుచేస్తే, అందరూ అతన్నే వాడుకుంటూ వచ్చారు. బిల్లు టెస్టును మేం ఆపాం కానీ అది పట్టుకున్న రోగి రికార్డును విడిపించలేదు. బీరువా తాళంచెవి జేబులో ఉండగానే గుమాస్తాను ఇంటికి పంపేసినట్టయింది. తరవాత వచ్చినవాళ్ళందరూ ఆ బీరువా ముందు నిలబడ్డారు. గడువు పెట్టడమంటే ఆపడం ఒక్కటే కాదని ఆ రోజు తెలుసుకున్నాను. ఆపాక సర్దిపెట్టడం కూడా అందులో భాగమే.

సర్దే పని మూడు రోజులు పట్టింది. ప్రతి టెస్టూ తన రోగిని తనే తయారు చేసుకునేలా మార్చాం. ఆపేసిన టెస్టు చేతిలో ఏదున్నా మెషీనే విడిపించేలా పెట్టాం. ఇంకొక్కటి డెవలపర్ కుర్రాడు చేర్చాడు. ఆపే ముందు, ఆ టెస్టు ఎక్కడ నిలబడిందో, దేనికోసం చూస్తోందో రాసిపెట్టాలి. అతనికి అందులో ఒక స్వార్థం ఉంది. తప్పు మా టెస్టుల్లోనే ఉందని నిరూపించాలని. బిల్లు టెస్టు సంగతి ఎప్పుడు అడిగినా అతని జవాబు ఒక్కటే: "నా మెషీన్‌ల మంచిగనే నడుస్తుంది మేడమ్, ఫికర్ చెయ్యకున్రి."

ఆ తరవాత రెండు రోజులు వరుస హాయిగా సాగింది. మూడో సాయంత్రం బిల్లు టెస్టు ఆగింది. గడువు దాటగానే మెషీన్ దాన్ని పక్కన పెట్టింది. తరవాతవి ఏమీ జరగనట్టు వాటి పని అవి చేసుకుపోయాయి. డెవలపర్ కుర్రాడు ఆ రాసిపెట్టింది తెరిచాడు. పైనుంచి కిందకు చదివాడు. మళ్ళీ పైకి వెళ్ళాడు.

ఆ టెస్టు ఒకే రోగిమీద రెండు తెరలను ఒకేసారి నడుపుతుంది. బిల్లు వేసే తెర బిల్లును పట్టుకుని, రోగి రికార్డు కోసం చూస్తోంది. అదే క్షణంలో ల్యాబ్ తెర రోగి రికార్డును పట్టుకుని, బిల్లు కోసం చూస్తోంది. చందానగర్ మార్కెట్ సందులో రెండు ఆటోలు ఎదురెదురుగా వచ్చి, నువ్వు వెనక్కి పో అంటే నువ్వు వెనక్కి పో అని నిలబడ్డట్టు. రెండూ సరిగ్గా ఒకేసారి జరిగితేనే ఇలా అవుతుంది. అందుకే రెండోసారి నడిపితే నడిచిపోయేది. అందుకే అతని మెషీన్‌లో ఎప్పుడూ కనబడలేదు.

"గిది మాదే మేడమ్," అన్నాడతను. "ఎన్విరాన్‌మెంట్ కాదు, ఏం కాదు. ఎన్ని దినాలనుంచి ఉందో ఇది."

అది శుక్రవారం. సోమవారం ఆ సాఫ్ట్‌వేర్ కొత్త భాగాలతో క్లయింట్‌కు వెళ్ళాలి. ఆ సాయంత్రం రిపోర్టు చూశాకే క్లయింట్ సరేననాలి. తప్పు దొరికింది కానీ దిద్దాలంటే వారం పడుతుంది, ఇతర చోట్ల కూడా అలాగే రాసి ఉందేమో చూడాలి. మేనేజరు మా బల్ల దగ్గరకు వచ్చేసరికి గడియారం ఆరుంబావు దాటింది. ఆయన గొంతు పెంచలేదు. ఈ ఒక్కసారికి బిల్లు టెస్టు గడువు పెంచి మళ్ళీ నడిపిద్దామన్నాడు. లేదంటే ఈ ఒక్క రిపోర్టులో దాన్ని పక్కన పెడదామన్నాడు.

"గడువు పెంచితే అది పాసవదు సార్," అన్నాను. "ఇంకాసేపు హ్యాంగవుతుంది, అంతే."

"నాకు తెలుసండి. రెండోసారి నడిస్తే పాసవుతుంది కదా, అది కూడా తెలుసు. సోమవారం దాటనివ్వండి."

నేను కుదరదన్నాను. రిటైరవడానికి కొద్ది నెలలున్న మనిషిని, నాకు పోయేదేమీ లేదు. ఆయనకు ఉంది. అది నాకూ తెలుసు, అందుకే ఆయన ముఖం చూడటం కష్టమైంది. అలా ఇద్దరం మాట్లాడుకుంటూ ఉండగానే వెనకనుంచి సంచి జిప్పు లాగిన చప్పుడైంది. ఆ అమ్మాయి లేచి నిలబడి ఉంది.

"సార్, రిపోర్టు పంపిన," అంది. "ఒకటి ఎర్రగొచ్చింది. ఎందుకొచ్చిందో కింద రాసిన."

మేనేజరు గడియారం వైపు చూశాడు. "నాకొక మాట చెప్పి పంపాల్సిందమ్మా."

"ఆరున్నరకు పోవాలని రాసుకున్నం గద సార్. ఆరున్నరయింది."

సంచి భుజానికేసుకుని తలుపు వైపు నడిచింది. నేను కూడా సంచి తీసుకుని ఆమెతోపాటు లిఫ్టు దగ్గరకు నడిచాను. బస్సులో తన చేతులు చూసుకుంటూ కూర్చుంది. సోమవారం తనను తీసేస్తారేమోనని అడిగింది. తీసేస్తే ముందు నన్ను తీయాలని చెప్పాను. అది ఆమెకు పెద్ద ఊరటేమీ ఇవ్వలేదు, నేను ఎలాగూ వెళ్ళిపోయేదాన్ని. అయినా దిగేటప్పుడు అంది: "తప్పు పంపలె గద మేడమ్. ఉన్నదే పంపిన."

శనివారం మధ్యాహ్నం మేనేజరు నాకు ఫోన్ చేశాడు. క్లయింట్ దగ్గరనుంచి జవాబొచ్చిందన్నాడు. ఫోన్‌లోనే చదివి వినిపించాడు. కోపం లేదు అందులో. విడుదలను వారం వాయిదా వేసుకుందామని, ఆ తప్పును ముందు దిద్దమని రాశారు. దానికింద ఇంకో సంగతి ఉంది. తమ ఆస్పత్రుల్లో కూడా ల్యాబ్ తెర అప్పుడప్పుడు బిగుసుకుపోతోందట. ల్యాబ్‌వాళ్ళు కంప్యూటర్ ఆపేసి మళ్ళీ వేసుకుంటున్నారట. తమ నెట్‌వర్కే బాగాలేదని ఇన్నాళ్ళూ అనుకున్నారట. రక్తపరీక్ష ఫలితం కోసం బయట బెంచీమీద కూర్చున్నవాళ్ళు, ఆ మళ్ళీ వేసుకునేంతసేపూ కూర్చున్నారన్నమాట.

ఇక్కడ మేం మళ్ళీ నడిపి ఆకుపచ్చ చేసుకుంటున్న దాన్నే, అక్కడ వాళ్ళు మళ్ళీ వేసుకుని సరిపెట్టుకుంటున్నారు.

"ఆ మెయిల్ రూలు తీసేస్తానండి," అన్నాడాయన చివరికి. "ఆపినందుకు కాదు, ఆపకుండా కూర్చున్నందుకు మెయిల్ రాయాలని పెడదాం." నవ్వాడు కూడా. సోమవారం ఉదయం ఆయన పిలిస్తే ఆ అమ్మాయి సంచి చేతిలో పట్టుకునే గదిలోకి వెళ్ళింది. అయిదు నిమిషాల్లో బయటికొచ్చి, ఆ రిపోర్టు ఎలా రాయాలో మిగతావాళ్ళకు నేర్పమన్నారని చెప్పింది. రాజీనామా మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు. నేనూ అడగలేదు.

కాపలా కుర్చీని డెవలపర్ కుర్రాడు దొర్లించుకుంటూ తీసుకెళ్ళి టీ మెషీన్ పక్కన పెట్టాడు. అక్కడ కూర్చునేవాళ్ళకు కనీసం టీ అయినా దొరుకుతుందన్నాడు.

గడువులు అంతటితో అయిపోలేదు. కొత్త టెస్టు రాసినవాళ్ళు దానికి గడువు కూడా రాయకపోతే తీసుకోకూడదని పెట్టాం. ఏ టెస్టయినా గడువుకు దగ్గరగా నడుస్తుంటే నెలకోసారి కూర్చుని చూసేవాళ్ళం, గడువు పెంచాలా, లేక దాన్ని నెమ్మది చేస్తున్నదేమిటో వెతకాలా అని. పెంచడం ఎప్పుడూ సులువే. అందుకే పెంచమన్న ప్రతిసారీ ఎందుకని అడిగేదాన్ని. నేను వెళ్ళిపోయాక ఆ అమ్మాయి అడుగుతోందని విన్నాను.

ఆ తప్పు దిద్దిన వారంలో ఒక సాయంత్రం నాకు బాగా గుర్తుంది. వరుస ఇంకా సగం నడుస్తుండగానే మేమిద్దరం ఎప్పటికన్నా ముందు వెళ్ళే బస్సెక్కాం. అప్పటివరకు అలా ఎప్పుడూ రాలేదామె. యూనివర్సిటీ దాటేవరకు రెండు నిమిషాలకోసారి ఫోన్ చూసుకుంది. లింగంపల్లి బ్రిడ్జి దగ్గర బస్సు ఆగినప్పుడు ఫోన్ మోగింది. ఆమె నేర్పినవాళ్ళలో ఒకరు పంపిన రిపోర్టు వచ్చింది. ఒక టెస్టు గడువు దాటి ఆగింది. నేను ఆమె ముఖంలోకి చూశాను. వెనక్కి వెళ్ళాలంటుందేమో అనుకున్నాను.

"ఎక్కడ నిలవడ్డదో రాసింది మేడమ్," అంది. "పొద్దున చూద్దం." ఫోన్ సంచిలో పెట్టేసింది.

చందానగర్‌లో దిగాక నేనూ ఆమెతో ఆ సందులోకి నడిచాను, కూరగాయలు కొనాల్సి ఉండి. క్రెష్ తలుపు తెరిచే ఉంది. మెట్టుమీద ఎవరూ లేరు. లోపల బిడ్డ చాపమీద బోర్లా పడుకుని కాగితంమీద రంగులు పూస్తోంది. చెప్పులు ఇంకా గోడపక్కనే ఉన్నాయి. అప్పుడే వచ్చావేమని పెద్దావిడ తల్లినే అడిగింది. బిడ్డ తలెత్తి చూసి, రాను అని మళ్ళీ కాగితంమీదకు వంగింది.

"సరే, ఆ పువ్వు అయ్యేదాంక," అంది తల్లి. చెప్పులు చేతిలోకి తీసుకుని, ఆ మెట్టుమీద తను కూర్చుంది.